పులిజూదం ఆట, 37,760 రూపాయల క్లౌడ్ బిల్లు: మే నెలలో మాకు జరిగింది

మాది తిరుపతి, కొర్లగుంట. పగలు ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతాను, జీతం 16,000. రాత్రిళ్లు నేనూ మా తమ్ముడూ కలిసి ఫోన్ ఆటలు తయారు చేస్తాం. కోడ్ నాది, బొమ్మలు వాడివి. మొన్న మే నెలలో మా ఆటకు వచ్చిన క్లౌడ్ బిల్లు (ఆట నడవడానికి ఇంటర్నెట్‌లో అద్దెకు వాడుకునే కంప్యూటర్ల బిల్లు) మమ్మల్ని రెండు నెలలు నిద్రపోనివ్వలేదు. ఏ రోజు ఏం జరిగిందో, ఎంత పోయిందో, ఎంత వెనక్కి వచ్చిందో రాసి పెడుతున్నాను. మాలాగా ఇద్దరు ముగ్గురు కూర్చుని ఆటలు చేసుకునేవాళ్లకు పనికొస్తుందని నా ఆశ.

ఆట పేరు చెప్పను, పులిజూదం అనుకోండి చాలు. మూడు పులులు, పదిహేను మేకలు. చంద్రగిరి దగ్గర మా తాత ఊళ్లో గుడి మండపం బండ మీద చెక్కిన గీతల్లో చింతగింజలు పెట్టి ఆడేవాళ్లం. దాన్నే ఇద్దరు వేర్వేరు ఊళ్ల నుంచి ఆడుకునేలా చేశాం. 2025 ఫిబ్రవరి 11న ప్లే స్టోర్‌లో పెట్టాం.

మొదటి మూడు నెలలు రోజుకు 60 మంది, ఎక్కువైతే 300 మంది. మేం వాడిన డేటాబేస్‌లో రోజుకు 50,000 రీడ్‌లు, 20,000 రైట్‌లు ఉచితం. ఒక డాక్యుమెంట్ (డేటాబేస్‌లో ఒక చిన్న రికార్డు) చదివితే ఒక రీడ్, రాస్తే ఒక రైట్. మాకు దాదాపు ఆ ఉచితమే సరిపోయేది. మార్చి 4న సర్వర్ ఫంక్షన్లు (ఫోన్‌లో కాకుండా క్లౌడ్‌లో నడిచే చిన్న ప్రోగ్రామ్‌లు) కావాల్సి వచ్చి కార్డు వివరాలు ఇచ్చాను. వాడినంతకే డబ్బు కట్టే ప్లాన్ అది. ఆ రోజే వెయ్యి రూపాయల బడ్జెట్ పెట్టి, 50, 90, 100 శాతాలకు అలర్ట్ వచ్చేలా చేశాను. వెయ్యి దాటితే ఆగిపోతుందనే అనుకున్నాను. ఎక్కడా ఆగిపోతుందని రాయలేదు, నేనే అలా అర్థం చేసుకున్నాను. బడ్జెట్ అంటే అక్కడ మెయిల్ పంపడం మాత్రమే. ఖర్చు దాని దారిన అది పోతూనే ఉంటుంది.

మే నెలలో గంగమ్మ జాతర వచ్చింది. తమ్ముడు వారం రోజులు కూర్చుని దొర వేషం, తోటి వేషం, బండ వేషం, సున్నపు కుండల వేషం అన్నీ గీశాడు. ఆటగాళ్లు తమ బొమ్మగా పెట్టుకోవడానికి అవి. అన్నీ కలిపి 6 ఎంబీల ప్యాక్. యాప్ సైజు పెరుగుతుందని దాన్ని యాప్‌లో పెట్టకుండా క్లౌడ్ స్టోరేజీలో పెట్టి, యాప్ తెరిచినప్పుడు దిగేలా చేశాను. ఒకసారి దిగాక ఫోన్‌లోనే ఉండిపోవాలి. నేను దాన్ని తాత్కాలిక ఫోల్డర్‌లో దాచాను. అది అక్కడ నిలవక, యాప్ మూసి తెరిచిన ప్రతిసారీ 6 ఎంబీలూ మళ్లీ దిగేవి. 300 మంది ఉన్నప్పుడు ఇది ఎవరికీ కనపడదు.

మే 17, శనివారం. మదనపల్లె వైపు కుర్రాడు ఒకడు వాళ్ల తాతతో ఫోన్‌లో మా ఆట ఆడుతూ రీల్ పెట్టాడు. తాత మేకలతో మూడు పులుల్నీ కట్టేసి "ఇంగ యాడికి పోతావు?" అంటాడు. అంతే రీల్. ఆదివారం మధ్యాహ్నానికి మా ఆటకు మనుషులు వరదలా వచ్చారు. సోమవారం రోజుకు 14,000 మంది. నేనూ తమ్ముడూ లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతూ ఆ అంకె పెరగడం చూస్తూ నిలబడ్డాం. అంత సంతోషం నా జీవితంలో తక్కువసార్లు కలిగింది. ఆ నాలుగు రోజులూ నేను చూసింది ఒక్క డౌన్‌లోడ్ల లెక్కే.

బుధవారం, మే 21 రాత్రి 9:40. రివ్యూలకు జవాబులు రాద్దామని ప్రాజెక్ట్ కోసం తెరిచిన మెయిల్ అకౌంట్‌లోకి వెళ్లాను. అది నా ఫోన్‌లో లేదు, ల్యాప్‌టాప్‌లో మాత్రమే ఉంది. అందులో మూడు అలర్ట్‌లు. 50, 90 శాతాలవి రెండూ ఆదివారం రాత్రి ఒకేసారి వచ్చాయి. 100 శాతానిది సోమవారం తెల్లవారుజామున. ఆ తర్వాత ఏమీ లేదు. 100 వరకే అడిగాను కాబట్టి 100 దగ్గరే మెయిళ్లు ఆగిపోయాయి. ఇప్పుడు 200, 500, 1000 శాతాలకు కూడా పెట్టుకున్నాను.

బిల్లింగ్ పేజీ తెరిస్తే 11,300 రూపాయలు. తమ్ముడు నా భుజం మీదుగా చూసి, "అక్కా, చుక్క ఎక్కడుందో సరిగ్గా చూడు, 113 ఏమో" అన్నాడు. చుక్క సరిగ్గానే ఉంది. చేతులు చల్లబడ్డాయి. మా ఇంటి అద్దె 8,000.

కాసేపటికి ఇంకో సంగతి తెలిసింది. ఆ 11,300 ఆ క్షణం వరకు అయిన ఖర్చు కాదు, సోమవారం వరకు అయింది. బిల్లు లెక్క ఆలస్యంగా వస్తుంది. కొన్నిసార్లు కొన్ని గంటలు, మాకైతే రోజు పైనే. దాని పక్కనే వాడకం గ్రాఫ్ అని వేరే పేజీ ఉంది. అందులో రీడ్‌లు, రైట్‌లు కొద్ది నిమిషాల తేడాతో కనపడతాయి, కానీ రూపాయల్లో ఉండవు. ఆ రాత్రి తమ్ముడి డ్రాయింగ్ పుస్తకం వెనక పేజీలో రీడ్‌లను రూపాయల్లోకి మార్చుకున్నాను. నా ప్రాజెక్ట్ అమెరికా ప్రాంతంలో ఉంది, అక్కడ నాకు పడుతున్న రేటు లక్ష రీడ్‌లకు 6 సెంట్లు, లక్ష రైట్‌లకు 18 సెంట్లు. వినడానికి ఏమీ కాదనిపిస్తుంది. మంగళవారం ఒక్కరోజు రీడ్‌లు 5 కోట్లు దాటాయి. అంటే 30 డాలర్లు, దాదాపు 2,550 రూపాయలు, ఒక్కరోజుకు, రీడ్‌లకు మాత్రమే.

ఇన్ని రీడ్‌లు ఎవరు చేస్తున్నారు? ఆటలో ఒక ఎత్తు వేస్తే ఒక రైట్, ఇద్దరి ఫోన్లకూ చేరితే రెండు రీడ్‌లు. ఒక ఆటకు సుమారు 40 ఎత్తులు. 14,000 మంది తలా మూడు ఆటలు ఆడినా ఆటలు 21,000. రీడ్‌లు 17 లక్షలు దాటవు. ఐదు కోట్లకూ దీనికీ పొంతన లేదు. రాత్రి ఒంటిగంట వరకు వెతికాను. అమ్మ లేచి వచ్చి, "ఏంది పాపా, ఇంగా పడుకోలేదా? అన్నం కూడా అట్లే పెట్టినావే" అంది. ఏమీ లేదమ్మా అన్నాను. ఆ అబద్ధం మర్నాడంతా గుచ్చుకుంది.

దొరికింది ఎక్కడంటే, లాబీ పేజీలో, అంటే ఆట మొదలయ్యేముందు జోడీని వెతుక్కునే పేజీలో. "ఇప్పుడు ఎవరెవరు ఉన్నారు" అని 20 మంది పేర్ల పక్కన ఆకుపచ్చ చుక్క చూపిస్తాం. ఆ చుక్క కోసం ప్రతి ఫోనూ పది సెకన్లకొకసారి "నేను ఉన్నాను" అని డేటాబేస్‌లో రాస్తుంది. అలా రాసిన ప్రతిసారీ ఆ జాబితాను చూస్తున్న ప్రతి ఫోనుకూ ఒక రీడ్. ఇరవై మంది, పది సెకన్లు. అంటే ఒక్కో ఫోనుకు సెకనుకు రెండు రీడ్‌లు. లాబీ వదిలి ఆటలోకి వెళ్లాక ఆ జాబితాలో మార్పుల కోసం ఫోను వినడం ఆపాలి. నేను ఆపలేదు. ఆట ఆడుతున్నంతసేపూ, కంటికి కనపడని జాబితా కోసం ఫోను వింటూనే ఉంది. అరగంట ఆడే మనిషికి 3,600 రీడ్‌లు. 14,000 మందితో గుణిస్తే 5 కోట్ల 4 లక్షలు. పుస్తకంలో ఈ అంకె, గ్రాఫ్‌లోని అంకె దాదాపు ఒకటే రావడం చూసి ఏడుపూ వచ్చింది, ఊపిరీ వచ్చింది. కారణం తెలిసింది కదా.

ఇక స్టోరేజీ. మనిషి రోజుకు మూడుసార్లు యాప్ తెరుస్తాడనుకుంటే, 6 ఎంబీల చొప్పున రోజుకు 250 జీబీలు. బయటికి వెళ్లే ప్రతి జీబీకి 12 సెంట్లు. ఇంకో 30 డాలర్లు. తమ్ముడి బొమ్మలకు అంత ఖర్చవుతోందని వాడికి వెంటనే చెప్పలేకపోయాను. బొమ్మల తప్పు కాదని, నేను దాచిన చోటు తప్పని తర్వాత నెమ్మదిగా చెప్పాను.

ఆ రాత్రి ఒంటిగంటన్నరకు చిత్తూరులో ఉండే మా కాలేజీ సీనియర్ అన్నకు మెసేజ్ పెట్టాను. ఆయన ఒక కంపెనీ సర్వర్లు చూసుకుంటాడు. వెంటనే ఫోన్ చేశాడు. "యాప్ సరిచేయడం తర్వాత చూద్దువు గానీమ్మా. నువ్వు ఇప్పుడు కొత్త యాప్ పంపినా పాతది వాళ్ల ఫోన్లలోనే ఉంటుంది. ముందు సర్వర్ వైపు తలుపు మూసెయ్" అన్నాడు. నాకు అప్పటిదాకా తోచని మాట అది. డేటాబేస్ అనుమతుల రూల్స్‌లో ఆ జాబితాను ఎవరూ చదవకూడదని ఒక లైను మార్చాను. ఐదు నిమిషాల్లో గ్రాఫ్ కొండ మీంచి జారినట్టు కిందికి వచ్చింది. లాబీలో పేర్ల చోట ఖాళీ, చక్రం తిరుగుతూ ఉంటుంది. తెల్లారేసరికి ఒక స్టార్ రివ్యూలు 40 దాకా వచ్చాయి. వాళ్లది న్యాయమే. స్నేహితుణ్ని వెతుక్కోలేకపోతున్నామని రాశారు. పేర్లు లేకపోయినా "ఎవరితోనైనా ఆడు" బటన్ పనిచేస్తూనే ఉంది కాబట్టి ఆట ఆగలేదు.

మర్నాడు ఇన్‌స్టిట్యూట్‌కు సెలవు పెట్టాను. బొమ్మలన్నీ వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫైళ్ల రూపంలోకి మార్చి 6 ఎంబీల ప్యాక్‌ను 1.4 ఎంబీలకు తెచ్చి, అదే పేరుతో అదే చోట పెట్టాను. పాత యాప్ కూడా కొత్త చిన్న ఫైలునే తీసుకుంటుంది. మే 22 రాత్రి సరిచేసిన యాప్ ప్లే స్టోర్‌కు పంపాను. 25న అనుమతి వచ్చింది. మా ఆటగాళ్లలో పదిమందికి ముగ్గురు వారం తర్వాత కూడా పాత యాప్‌లోనే ఉన్నారు. "ఈ వెర్షన్ పాతది, అప్‌డేట్ చేసుకోండి" అని ఆపే ఏర్పాటు మొదటి వెర్షన్‌లోనే పెట్టి ఉంటే ఆ వారం మాకు తప్పేది. ఆట పెట్టబోయేవాళ్లు ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఇదే.

మే నెల లెక్క ఇలా తేలింది. 17 నుంచి 21 వరకు ఐదు రోజులకు 22,400. 22, 23 తేదీలకు 3,600. మిగతా నెలంతా కలిపి 6,000. మొత్తం 32,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 5,760. కట్టాల్సింది 37,760. కన్సోల్‌లో (క్లౌడ్ కంపెనీ ఇచ్చే నియంత్రణ పేజీలో) రోజూ చూసే అంకెలో పన్ను కలపరు. ఆ ఐదు వేలు చివర్లో మీద పడ్డాయి.

అమ్మకు మే 31 రాత్రి చెప్పాను. చెప్పకముందు గంటసేపు వంటింట్లో గిన్నెలు సర్దుతూ నిలబడ్డాను. నా అకౌంట్‌లో 14,000 ఉన్నాయి. అమ్మ ఏప్రిల్‌లో చీటీ ఎత్తి 50,000 పక్కన పెట్టింది, మేడ మీద గది రేకులు తీసి స్లాబు వేయించాలని. వానలు మొదలయ్యేలోపు. అమ్మ అంతా విని, "ఆట ఆడినోళ్లకు సంతోషమేనా?" అని అడిగింది. అవునన్నాను. "రేపు 25,000 తీసుకో. కానీ ఇంగోసారి అన్నం తినకుండా, నాకు చెప్పకుండా ఉండొద్దు" అంది. ఆ రాత్రి పది రోజుల తర్వాత మొదటిసారి కడుపునిండా తిన్నాను.

జూన్ 1న బిల్లు ఖరారైంది. జూన్ 2న కార్డు నుంచి డబ్బు వాటంతటవే పోతాయనుకుంటే, పేమెంట్ ఫెయిల్ అని మెయిల్. అకౌంట్‌లో డబ్బు ఉంది. నాకు అర్థం కాక టెన్షన్ పడి బ్యాంకుకు పరిగెత్తాను. అక్కడ తెలిసింది. ఆటోమేటిక్‌గా కోసే చెల్లింపు 15,000 దాటితే రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఓటీపీతో మనం ఒప్పుకోవాలి, దానంతట అది పోదు. అంతకుముందు నెలల బిల్లులు యాభై, అరవై రూపాయలు కాబట్టి ఈ సంగతి ఎప్పుడూ ఎదురవలేదు. చెల్లింపు ఆగితే కొన్ని రోజుల్లో ప్రాజెక్ట్ నిలిపేస్తామని కూడా ఆ మెయిల్‌లో ఉంది. జూన్ 3న కన్సోల్‌లోకి వెళ్లి చేత్తో కట్టాను. కార్డు ఆన్‌లైన్ రోజువారీ పరిమితి కూడా ముందు పెంచుకోవాల్సి వచ్చింది. సాయంత్రం నాలుగుకు కట్టడం అయింది.

మే నెల ప్రకటనల ఆదాయం 9,200. మంచి మాటే. కానీ అది జూన్ 21 తర్వాత గానీ చేతికి రాదు. ఖర్చు నెల ఒకటో తేదీన, రాబడి ఇరవై రోజుల వెనక. చిన్నవాళ్లం ఇరుక్కునేది ఈ ఇరవై రోజుల్లోనే అని నాకు గట్టిగా అనిపించింది. ఆట బాగా నడిచిన నెలలోనే చేతిలో డబ్బు లేకుండా పోతుంది.

జూన్ 4న క్లౌడ్ కంపెనీ బిల్లింగ్ సహాయ విభాగానికి రాశాను. తప్పు నాదేనని, ఏ లైనులో ఉందో, ఎప్పుడు సరిచేశానో, ముందూ వెనకా గ్రాఫ్‌లు రెండూ జతచేసి, ఒక్కసారికి కొంత తగ్గించమని అడిగాను. అన్న ఇలాగే రాయమన్నాడు. కోపంగా రాస్తే పనికాదు, సరిచేసిన రుజువు చూపించాలి అన్నాడు. 9న ఇంకొన్ని వివరాలు అడిగారు. బడ్జెట్ అలర్ట్‌లు మార్చావా, ఆ మెయిల్ ఎవరు చూస్తారు అని. జవాబిచ్చాను. తర్వాత పదకొండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. రోజుకు నాలుగుసార్లు మెయిల్ తెరిచి చూసేదాన్ని. జూన్ 20న 12,400 రూపాయల క్రెడిట్ ఇచ్చామని వచ్చింది. అందరికీ ఇస్తారని అనుకోకండి, వాళ్లు కూడా ఇది ఒక్కసారికే అని రాశారు. పైగా నేను ముందే బిల్లు కట్టేశాను కాబట్టి ఆ డబ్బు వెనక్కి రాలేదు. ముందు ముందు వచ్చే బిల్లుల్లో తగ్గిస్తారు, సంవత్సరంలోపు వాడుకోవాలి. కట్టకముందే రాసి ఉంటే వేరేగా ఉండేదేమో అని చాలాసార్లు అనుకున్నాను. కానీ ప్రాజెక్ట్ ఆపేస్తారన్న భయంతో ఆగలేకపోయాను.

జూన్ అంతా రాత్రిళ్లు ఆట లోపలి నిర్మాణం మార్చడానికే పోయింది. ఆకుపచ్చ చుక్క, ఆటలో వేసే ఎత్తులు, ఇవి రెండూ డేటాబేస్ నుంచి తీసేశాను. నెలకు పన్నులతో 590 రూపాయలకు ఒక చిన్న అద్దె సర్వర్ తీసుకుని, ఎత్తులు దాని మీదుగా ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు వెళ్లేలా చేశాను. అక్కడ ఎన్ని ఎత్తులు వేసినా అదే అద్దె. మనుషులు ఎక్కువైతే ఆట నెమ్మదిస్తుంది, బిల్లు మాత్రం పెరగదు. డేటాబేస్‌లో ఇప్పుడు ఆట అయ్యాక ఎవరు గెలిచారన్నది మాత్రమే రాస్తాం. టాప్ 100 పట్టిక ఇంతకుముందు వంద డాక్యుమెంట్లు, తెరిచిన ప్రతిసారీ వంద రీడ్‌లు. ఇప్పుడు ఐదు నిమిషాలకొకసారి సర్వరే లెక్కగట్టి ఒక్క డాక్యుమెంట్‌లో పెడుతుంది, ఒక్క రీడ్. జాతర బొమ్మలు యాప్‌లోపలే పెట్టేశాం. ప్లే స్టోర్ నుంచి యాప్ దిగడానికి మన దగ్గర జీబీల లెక్కన డబ్బు తీసుకోరు. సైజు పెరుగుతుందని భయపడి క్లౌడ్‌లో పెట్టిన నేను, ఆ 1.4 ఎంబీల గురించి ఇప్పటివరకు ఒక్క ఫిర్యాదు కూడా చూడలేదు.

ఖర్చు ఒక గీత దాటితే బిల్లింగ్‌ను తనంతట తాను తెంచేసే ఏర్పాటు కూడా చేసుకోవచ్చు. అలర్ట్ మెయిల్‌కు బదులు ఒక ఫంక్షన్ నడిచి ప్రాజెక్ట్‌ను కార్డు నుంచి విడదీస్తుంది. నేను రాసి, టెస్ట్ ప్రాజెక్ట్‌లో నడిపి చూశాను. అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి, డేటా పోయే ప్రమాదం కూడా ఉందని వాళ్ల పత్రాల్లోనే హెచ్చరిక ఉంది. పైగా బిల్లు లెక్కే ఆలస్యంగా వస్తుంది కాబట్టి అది తెంచేసరికి ఎంతో కొంత అయిపోయి ఉంటుంది. అందుకే దాని బదులు, దూరం నుంచి మార్చగలిగే ఒక స్విచ్ పెట్టాను. అది ఆఫ్ చేస్తే ఫోన్లన్నీ ఆన్‌లైన్ ఆట ఆపి కంప్యూటర్‌తో ఆడే ఆట చూపిస్తాయి. గంటకొకసారి రీడ్‌ల సంఖ్య నా ఫోన్‌కు మెసేజ్‌గా వస్తుంది, ఆ పాత మెయిల్‌కు కాదు.

జూలైలో రోజుకు సుమారు 5,000 మంది ఆడారు. డేటాబేస్ బిల్లు 118 రూపాయలు, అది క్రెడిట్‌లో పోయింది. సర్వర్‌కు 590. ఆ 12,400 క్రెడిట్ సంవత్సరంలో ఖర్చయ్యేలా లేదు, మిగిలింది మురిగిపోతుంది.

స్లాబు పని ఈ ఏడు కాలేదు. రేకుల మీద టార్పాలిన్ కప్పాం. జూన్ చివర అమ్మకు 9,000 ఇచ్చాను, జూలై చివర 7,000. వినాయక చవితికి తమ్ముడు కొత్త బోర్డు గీస్తున్నాడు. నిన్న రాత్రి వాడు గీస్తుంటే, అదే డ్రాయింగ్ పుస్తకం వెనక నేను ఒక ఆటకు ఎన్ని రీడ్‌లు, ఎన్ని రైట్‌లు, 14,000 మంది మళ్లీ వస్తే ఎంత అని వేసుకుంటూ కూర్చున్నాను. రోజుకు 30 రూపాయల లోపే వచ్చింది. అమ్మకు ఇంకా 9,000 ఇవ్వాలి.